గోడ దగ్గర మొదలుపెట్టండి

ప్రాసెసర్ ఎంచుకోవడానికి వారాల తరబడి వీడియోలు చూస్తాం. గ్రాఫిక్స్ కార్డు కోసం ఇంట్లో వాళ్లను ఒప్పించడమే ఒక పెద్ద పని. క్యాబినెట్‌లో లైట్లు ఏ రంగులో వెలగాలో స్నేహితుల వాట్సాప్ గ్రూపులో చర్చ నడుస్తుంది. పవర్ సప్లై, అంటే షాపుల్లో ఎస్ఎంపీఎస్ అనేదాని, వంతు వచ్చేసరికి జేబులో అడుగూ బొడుగూ మిగులుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఏ కౌంటర్ దగ్గరైనా కాసేపు నిలబడి వినండి.

"ఎస్ఎంపీఎస్ ఏది వెయ్యమంటారు సార్?"

"ఏదో ఒకటి, మంచిది చూసి వెయ్యి భయ్యా."

"క్యాబినెట్‌తో పాటే వచ్చేది ఉంది సార్. ఐదొందల వాట్స్. అందరూ అదే తీస్కపోతున్నరు."

బేరం ముగిసింది. అరవై వేల రూపాయల సిస్టమ్‌లో ప్రతి ముక్కకూ కరెంటు అందించే భాగాన్ని అర నిమిషంలో, అదీ అమ్మేవాడి ఇష్టానికి, వదిలేశాం.

తెలియక ఇలా చేస్తున్నామని నేననుకోను. కంటికి కనబడని వస్తువు మీద ఖర్చంటే మనసుకు పట్టదు, అంతే. కార్డు మారిస్తే ఆటలో తేడా కనబడుతుంది, ర్యామ్ పెంచితే ఎడిటింగ్‌లో తెలుస్తుంది. మంచి ఎస్ఎంపీఎస్ పెడితే ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడానికే డబ్బు కట్టమంటే ఎవరికైనా చెయ్యి ఆడదు. అందుకే పద్దు రాసే వరసనే మార్చమంటాను. ప్రాసెసర్, కార్డు ఖాయం కాగానే మూడో పద్దుగా ఎస్ఎంపీఎస్ రాయండి. మొత్తం బడ్జెట్‌లో పదో వంతుకు అటూ ఇటూగా దానికి పక్కన పెట్టండి. మదర్‌బోర్డు, క్యాబినెట్, లైట్లు అన్నీ ఆ తరవాత. షాపుకు వెళ్లేటప్పుడు ఆ పద్దు కాగితం మీద ఉండాలి. కౌంటర్ ముందు నిలబడి ఆలోచిస్తే ఆ ఆలోచన మనది కాదు, కౌంటర్ అవతలి వాడిది.

ఇక ఎంపిక. చాలామంది వాట్ల లెక్కతో మొదలుపెడతారు. నేను మీ గది గోడతో మొదలుపెట్టమంటాను. ఈ వస్తువుకు ఒక కొసన మీరు కొన్న కంప్యూటర్ ఉంటే, రెండో కొసన మీ ఇంటి కరెంటు ఉంటుంది. కంప్యూటర్ కొస గురించి అమెరికాలో కూర్చుని చెప్పినవాడి మాట మనకూ పనికొస్తుంది. మీ ఇంటి స్విచ్ బోర్డు వెనక ఏముందో మాత్రం ఏ వీడియోలోనూ దొరకదు.

గోడలో ఏముంది

మూడు రంధ్రాల ప్లగ్ పాయింట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో, అద్దె గదుల్లో, హాస్టళ్లలో పైనుండే పెద్ద రంధ్రం వెనక చాలాసార్లు వైరే ఉండదు. అలాంటి చోట క్యాబినెట్ రేకుకు చెయ్యి తగిలితే సన్నగా జివ్వుమంటుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. "మా సిస్టమ్ కొంచెం షాక్ కొడుతుంది, చెప్పులేసుకుని కూర్చుంటాం" అని సర్దుకుపోయే ఇళ్లు ఎన్నో. ఎస్ఎంపీఎస్ పాడైందని కొత్తది కొనేవాళ్లూ ఉన్నారు. కొత్తదీ అలాగే కొడుతుంది.

కారణం ఇది. ప్రతి ఎస్ఎంపీఎస్ ముంగిట కరెంటులోని గోలను వడకట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు ఎర్త్‌కు, అంటే క్యాబినెట్ రేకుకు, కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి గుండా వచ్చే అతి స్వల్ప కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే రేకు ఆ రెంటికీ మధ్యన, సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమనడంతో ఆగుతుంది. కానీ రేపు లోపల నిజంగా ఒక ఫేజ్ వైరు రేకుకు తగిలితే దాన్ని నేలలోకి పంపి ఫ్యూజు ఎగరగొట్టే దారి ఉండదు. పదివేల రూపాయల ఎస్ఎంపీఎస్ అయినా ఇక్కడ చేయగలిగింది ఏమీ లేదు.

కనుక మొదటి ఖర్చు ఎలక్ట్రీషియన్‌కు. మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయమనండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల చుట్టుపక్కల రావాలి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకపోతే మంచిది. రెండో కొలత ఎటూ కాని అంకె చూపిస్తే ఎర్త్ లేదనో, బలహీనంగా ఉందనో అర్థం. ఉప్పూ బొగ్గూ వేసి పాతిన ఎర్త్ గుంత ఎండాకాలంలో ఎండిపోయినా ఇదే పరిస్థితి. అందులో అప్పుడప్పుడూ బకెట్ నీళ్లు పోయమని పెద్దవాళ్లు చెప్పేది ఊరికే కాదు. ఇంకో మాట కాస్త గట్టిగా చెప్పాలి. ఎర్త్ లేదంటే కొందరు పనివాళ్లు సాకెట్‌లోనే న్యూట్రల్‌నూ ఎర్త్ పిన్నునూ ఒక చిన్న వైరు ముక్కతో కలిపేసి "అయిపోయింది సార్" అంటారు. ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున మీ క్యాబినెట్ రేకంతా పూర్తి ఫేజ్ అయి కూర్చుంటుంది.

తరవాత వోల్టేజీ. ఎస్ఎంపీఎస్ పక్కన అంటించిన లేబుల్‌లో ఇన్‌పుట్ అని ఒక వరస ఉంటుంది. 100–240 వోల్టులు అని ఉంటే నిశ్చింత. 200–240 అని మాత్రమే ఉంటే, రాత్రి ఎనిమిదింటికి ఫ్యాను నీరసంగా తిరిగే ఊళ్లో అది మీకు కాదు. కంప్యూటర్‌కు కావలసిన వాట్లు వోల్టేజీ తగ్గినా తగ్గవు. గోడ నుంచి 400 వాట్లు లాగే సిస్టమ్ 230 వోల్టుల దగ్గర సుమారు 1.7 ఆంపియర్లు తీసుకుంటే, 170 వోల్టుల దగ్గర దాదాపు 2.4 తీసుకుంటుంది. ఆ అదనపు కరెంటు వల్ల లోపల వేడి పెరుగుతుంది. 100–240 అని ఉన్నవాటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఈ హెచ్చుతగ్గులను సర్దుకుంటుంది కాబట్టి వాటికి విడిగా స్టెబిలైజర్ అక్కర్లేదు.

పాతకాలపు, చవకరకం యూనిట్ల వెనక ఎర్రటి చిన్న స్విచ్ ఒకటి కనబడుతుంది. ఒక పక్క 115, ఇంకో పక్క 230. పిల్లలు ఆడుకుంటూ దాన్ని 115 వైపు తోసి మన ప్లగ్‌లో పెడితే వచ్చే చప్పుడు పక్కింటికి వినిపిస్తుంది. ఆ స్విచ్ కనబడితే ఆ యూనిట్‌ను అక్కడే వదిలేయండి.

న్యూట్రల్ పోవడం వేరే కథ. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే ఒక ఇంట్లో దీపాలు మిణుకుమంటాయి, పక్కింట్లో వోల్టేజీ 350, 400 దాకా ఎగబాకుతుంది. టీవీలు, ఫ్రిజ్‌లు వరసగా కాలిపోయాయని వినేది అలాంటి రోజునే. ఏ ఎస్ఎంపీఎస్ కూడా దాన్ని తట్టుకునేలా తయారు కాదు. తేడా ఎక్కడుందంటే, మంచిది తాను చచ్చి వెనకున్న వాటిని బతకనిస్తుంది. నాసిరకంది మదర్‌బోర్డునూ, హార్డ్ డిస్కునూ వెంట తీసుకుపోయే ప్రమాదం ఉంది. మీ వీధిలో ఇది జరుగుతూ ఉంటే మెయిన్ బోర్డు దగ్గర వోల్టేజీ హద్దు దాటగానే లైను తెంపేసే ప్రొటెక్టర్ పెట్టించుకోండి. దాని ముందు జంక్షన్ బాక్సు మీద రాసిన "స్పైక్ గార్డ్" ఎందుకూ కొరగాదు.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో కూడా ఇప్పుడే ఆలోచించండి. ఇంటెల్ ఇచ్చే ఏటీఎక్స్ మార్గదర్శకాల ప్రకారం గోడలో కరెంటు ఆగినా ఎస్ఎంపీఎస్ సుమారు 16, 17 మిల్లీ సెకన్ల పాటు లోపలి నిల్వతో నెట్టుకురావాలి. ఆ లోపల యూపీఎస్ గానీ ఇన్వర్టర్ గానీ అందుకోవాలి. ఇంటి ఇన్వర్టర్ వెనక మోడ్ మార్చే స్విచ్ ఉంటుంది. దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెడితే త్వరగా అందుకుంటుంది, మామూలు మోడ్‌లో ఆలస్యమవుతుంది. "ఇన్వర్టర్ ఉన్నా సిస్టమ్ రీస్టార్ట్ అవుతోంది" అనేవాళ్లు ముందు ఆ స్విచ్ చూసుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్ఎంపీఎస్‌లు కొన్ని మొరాయిస్తాయి కాబట్టి, కొత్తగా కొనేదైతే సైన్ వేవ్ తీసుకోండి. యూపీఎస్ కొంటే వీఏ అంకెకు మోసపోకండి. బజార్లో దొరికే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సాధారణంగా 360 వాట్లే.

ఇక ఎండలు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో క్యాబినెట్ లోపలి గాలి ఎంత వేడిగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఎస్ఎంపీఎస్ తన పూర్తి వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందో మంచి కంపెనీలు రాస్తాయి, 40 అనో 50 అనో. రాయనివాళ్లు 25 డిగ్రీల లెక్క వేసుకుని ఉండవచ్చు. లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. చలిదేశపు సమీక్షకుడు "పర్వాలేదు" అన్న యూనిట్‌ను మనం ఒక మెట్టు తగ్గించి చూడాల్సింది అందుకే.

ఎన్ని వాట్లు

ఇది అందరూ పెద్దది చేసే చిన్న లెక్క. రైజెన్ 5 7600 ప్రాసెసర్ గరిష్ఠంగా 88 వాట్ల దాకా వెళ్తుంది. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి 60 వేసుకోండి. మొత్తం 263. అయినా ఎన్విడియా ఆ కార్డుకు 550 వాట్ల ఎస్ఎంపీఎస్ పెట్టమంటుంది. ఎందుకు? మీరు పెట్టేది ఎలాంటి యూనిట్టో, పక్కన ఎంత ఆకలి గల ప్రాసెసర్ ఉందో కార్డు చేసేవాళ్లకు తెలియదు. ఇంటెల్ ఐ9-14900కే ఒక్కటే 253 వాట్లు అడగగలదు. మంచి యూనిట్ అయితే పై సిస్టమ్ 450తోనూ హాయిగా నడుస్తుంది. నేను మాత్రం 550 తీసుకోమంటాను. మూడేళ్ల తరవాత మీరు కార్డు మారుస్తారు, ఎస్ఎంపీఎస్ మార్చరు.

ఆర్‌టీఎక్స్ 4070 సూపర్, రైజెన్ 7 7800ఎక్స్3డీ లాంటి జోడీకి లెక్క 440 దగ్గర తేలుతుంది. అక్కడ 650, కాస్త విశాలంగా ఉండాలంటే 750. ఆ పైన వెళ్లవలసింది ఆర్‌టీఎక్స్ 5090 లాంటి 575 వాట్ల కార్డు కొనేవాళ్లే. వాళ్లకు కంపెనీ చెప్పే అంకె 1000. కార్డులకు ఇంకో గుణం ఉంది. సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు తమ అంకెకు రెట్టింపు దాకా లాగేస్తాయి. 2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చినప్పుడు లెక్కకు సరిపోయే ఎస్ఎంపీఎస్‌లు కూడా ఆట మధ్యలో టక్కున ఆగిపోయింది ఇందుకే. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ కుదుపులను తట్టుకోవాలని రాతపూర్వకంగా అడిగింది. పెట్టె మీద ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ కనబడితే ఈ బెంగ తగ్గించుకోవచ్చు.

పెద్ద ఎస్ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. పెరగదు. 750 అన్నది అది ఇవ్వగల గరిష్ఠం. సిస్టమ్ అడిగింది 200 అయితే 200 ఇస్తుంది, దాని మీద కాస్త తరుగు పోతుంది. ఆ తరుగు కూడా పెట్టె మీద రాసిన వాట్లలోంచి తీసేయరు. 80 శాతం సామర్థ్యం ఉన్న 500 వాట్ల యూనిట్ 400 మాత్రమే ఇస్తుందన్నది బజార్లో తిరిగే తప్పుడు లెక్క. అది 500 పూర్తిగా ఇస్తుంది, గోడ నుంచి 625 లాగుతుంది.

లేబుల్ చదవడం

క్యాబినెట్‌తో "ఫ్రీగా" వచ్చే యూనిట్ మీద 500 అని బొద్దుగా ఉంటుంది. దాన్ని వదిలేసి పక్కన చిన్న అక్షరాల పట్టీ చూడండి. ప్రాసెసర్, కార్డు రెండూ తినేది 12 వోల్టుల కరెంటే. ఆ గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి 12తో గుణించండి. నిజాయితీగల 550 వాట్ల యూనిట్‌లో అక్కడ 45 ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే 540 పైచిలుకు. 500 అని చెప్పుకునే డబ్బాలో 18 ఆంపియర్లే కనబడితే అది 216 వాట్ల యూనిట్. మిగతా వాట్లను ఈ కాలం కంప్యూటర్ పెద్దగా వాడని 5, 3.3 వోల్టుల గడుల్లో చూపించి మొత్తం కలిపేస్తారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. 12 వోల్టుల గడి వివరమే లేని లేబుల్ ఉంటే ఇక చదవనక్కర్లేదు.

ఆ తరవాత కళ్లు 80 ప్లస్ గుర్తు మీద పడతాయి. బ్రాంజ్, గోల్డ్, ప్లాటినమ్ అంటూ పతకాల పేర్లు పెట్టడంతో జనం వీటిని నాణ్యతకు మార్కులనుకుంటున్నారు. 2004లో మొదలైన ఈ పథకం కొలిచేది ఒక్కటే: గోడ నుంచి తీసుకున్న దాంట్లో ఎంత శాతం కంప్యూటర్‌కు చేరుతోంది. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం ఇవ్వాలి. మన 230 దగ్గర రెండూ ఇంకాస్త మెరుగ్గా ఉంటాయి. రోజుకు ఆరు గంటలు 300 వాట్ల లోడు నడిపితే ఆ ఐదు శాతం తేడా ఏడాదికి సుమారు 43 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకున్నా 350 రూపాయలు దాటదు. కరెంటు ఆదా కోసమని గోల్డ్‌కు రెండు మూడు వేలు ఎక్కువ పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి ఆరు నుంచి తొమ్మిదేళ్లు. గోల్డ్ కొనడానికి అసలు కారణం వేరు. ఆ సామర్థ్యం సాధించాలంటే లోపలి డిజైన్ కొత్తదై ఉండాలి, తరుగు తక్కువైతే వేడి తక్కువ, ఫ్యాను చప్పుడూ తక్కువ.

అయితే ఆ పతకం భద్రతకు హామీ పత్రం అనుకోకండి. 2021లో గిగాబైట్ కంపెనీ జీపీ-పీ750జీఎం, జీపీ-పీ850జీఎం మోడళ్లు పరీక్షల్లో పేలిపోవడాన్ని సమీక్షకులు బయటపెట్టారు. రెండింటికీ గోల్డ్ గుర్తు ఉంది. ఓవర్ పవర్ ప్రొటెక్షన్, అంటే శక్తికి మించి లాగితే ఆగిపోయే ఏర్పాటు, 120 నుంచి 150 శాతం దాకా పోనిచ్చేలా పెట్టారు. కంపెనీ ఆ హద్దును 110–120 శాతానికి దించి, పాతవి మార్చి ఇస్తామంది. పెద్ద పేరు, మంచి పతకం రెండూ ఉండి కూడా అలా జరిగింది.

మరి దేన్ని చూడాలి? ఆ మోడల్‌ను ఎవరైనా విప్పి, కొలిచి చూశారా అన్నది చూడాలి. బ్రాండ్ పేరు ఇక్కడ సగమే పనికొస్తుంది, ఎందుకంటే మనం పేరు విన్న కంపెనీల్లో చాలావరకు ఎస్ఎంపీఎస్‌లు స్వయంగా తయారుచేయవు. తైవాన్‌కు చెందిన సీసానిక్, సీడబ్ల్యూటీ, సూపర్ ఫ్లవర్ లాంటి వాళ్ల దగ్గర చేయించి తమ పేరు వేసుకుంటాయి. ఒకే బ్రాండ్‌లో ఒక సిరీస్ ఒకరిది, ఇంకోటి ఇంకొకరిది. "ఫలానా కంపెనీ మంచిది" అన్న మాటకు అర్థం లేదు, "ఫలానా సిరీస్ మంచిది" అన్నదానికే అర్థం. సైప్రస్‌లోని సైబెనెటిక్స్ అనే ల్యాబ్ వందల మోడళ్లను 115, 230 వోల్టులు రెండింటి దగ్గరా కొలిచి పూర్తి నివేదికలను ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడుతుంది. చప్పుడుకు కూడా విడిగా గ్రేడు ఇస్తుంది. మీ జాబితాలోని మోడల్ పేరు అక్కడ వెతకండి. పేర్లలో ఒక్క అక్షరం తేడా వచ్చినా అది వేరే యూనిట్ అని గుర్తుంచుకోండి. నివేదికలో మీకు అర్థం కాని గ్రాఫులు చాలా ఉంటాయి, వాటితో కుస్తీ పట్టనక్కర్లేదు. ఓవర్ వోల్టేజీ, ఓవర్ కరెంట్, ఓవర్ టెంపరేచర్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయా, పరీక్షలో పనిచేశాయా అన్నది చూస్తే చాలు.

వారంటీ ఏళ్లు కూడా బాగా చెబుతాయి. మూడేళ్లిచ్చేవాడికీ పదేళ్లిచ్చేవాడికీ తమ కెపాసిటర్ల మీద నమ్మకంలో తేడా ఉంటుంది. నా మటుకు నేను ఐదేళ్ల కంటే తక్కువ వారంటీ ఉన్నదాన్ని గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లో పెట్టనివ్వను.

కౌంటర్ దగ్గర

ఇప్పుడు కాగితం మీద రెండు మోడళ్లు రాసుకుని షాపుకు వెళ్లండి. ఒకటి లేకపోతే రెండోది. రెండూ లేకపోతే పక్క షాపు. "స్టాక్ లేదు సార్, ఇది కూడా సేమ్ టు సేమ్" అన్న మాట వినగానే మనిషి మెత్తబడతాడు, ముఖ్యంగా మిగతా సామానంతా అప్పటికే బల్ల మీద పరిచి ఉన్నప్పుడు. అందుకని ఎస్ఎంపీఎస్‌నే ముందు అడగండి. అది తేలాకే మిగతా జాబితా విప్పండి.

బిల్లు లేకుండా అయితే 18 శాతం జీఎస్టీ తగ్గిస్తామంటారు. పదేళ్ల వారంటీ ఉన్న వస్తువుకు బిల్లు వదులుకోవడమంటే ఆ పదేళ్లనూ వదులుకోవడమే. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి. వేడికి ఆ కాగితం మీద అచ్చు రెండేళ్లలో మాసిపోతుంది. సర్వీస్ సెంటర్ ఎక్కడుందో అడగండి. కర్నూలులోనో ఖమ్మంలోనో ఉండేవాళ్లు పార్సిల్ పంపి రెండు వారాలు ఆగాల్సి రావచ్చు. సెకండ్ హ్యాండ్‌లో గ్రాఫిక్స్ కార్డు కొనండి, ప్రాసెసర్ కొనండి, నేను కాదనను. వాడిన ఎస్ఎంపీఎస్ మాత్రం వద్దు. దాని ఆయుష్షు ఎంత మిగిలిందో పైనుంచి చూసి చెప్పే మార్గం లేదు.

ఇక క్యాబినెట్‌లో పట్టేలా కొలతలు చూసుకోవాలి. మామూలు ఏటీఎక్స్ యూనిట్ వెడల్పు 150, ఎత్తు 86 మిల్లీమీటర్లు. పొడవు మోడల్‌ను బట్టి మారుతుంది. చిన్న క్యాబినెట్ అయితే ఎస్ఎఫ్ఎక్స్ సైజు కావాలి. కేబుళ్లు ఊడదీసుకునే మాడ్యులర్ రకం సౌకర్యమే, తప్పనిసరి కాదు.

కొత్త పెద్ద కార్డులకు ఉండే 16 పిన్నుల సన్నటి కనెక్టర్ గురించి ఒక్క మాట. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్ది రోజులకే కొందరికి అది కరిగిపోయింది. పూర్తిగా లోపలికి దిగకపోవడం ప్రధాన కారణాల్లో ఒకటిగా తేలింది. తరవాతి రూపంలో, 12వీ-2ఎక్స్6 అనేదానిలో, సరిగా దిగకపోతే కరెంటే రాకుండా పిన్నుల పొడవు మార్చారు. ఇది అవసరమైన కార్డు మీదైతే అడాప్టర్ ముక్కలు వాడకుండా ఎస్ఎంపీఎస్‌లోనే ఆ కేబుల్ ఉన్నది తీసుకుని, అంచు కనబడనంతగా నొక్కి, కనెక్టర్ దగ్గరే వైరును మడవకుండా వదలండి. 4060 స్థాయి కార్డులకు సాధారణంగా ఒక్క 8 పిన్నుల కేబుల్ చాలు, ఆ 16 పిన్నుల కనెక్టర్ కోసం అదనంగా డబ్బు పెట్టకండి. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నులు, కార్డుకు వెళ్లే 8 పిన్నులు ఒకటి కావు. ప్రాసెసర్‌ది నాలుగూ నాలుగుగా విడిపోతుంది, కార్డుది ఆరూ రెండుగా. ఒకటి ఇంకోదాంట్లో దిగనంటే బలవంతం చేయకండి.

బిగించాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎస్ఎంపీఎస్ ఫ్యాను తిరగకపోతే కంగారు పడొద్దు. లోడు తక్కువున్నంతసేపు ఫ్యాను ఆపి ఉంచే మోడళ్లు ఉన్నాయి. అసలు ఏమీ రాకపోతే వెనక స్విచ్ గుండ్రని గుర్తు వైపు ఉందేమో చూడండి, షాపుకు తిరిగి వచ్చే ఫిర్యాదుల్లో అది తరచూ తగిలేదే. క్యాబినెట్‌ను నేల మీద పెట్టకండి. కింద నుంచి గాలి పీల్చే ఎస్ఎంపీఎస్‌కు దుమ్ము, తడిగుడ్డ పెట్టినప్పటి నీళ్లు, చీమలు అన్నీ దగ్గరవుతాయి. వెచ్చగా ఉంటుందని బల్లులూ చేరతాయి. రెండు అంగుళాల ఎత్తు పీట చాలు. అడుగున ఉండే జాలీని నెలకోసారి దులపండి, కానీ ఎస్ఎంపీఎస్ డబ్బా స్క్రూలు మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 350 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

మాడ్యులర్ కేబుళ్లలో వాడకుండా మిగిలినవాటిని ఒక సంచిలో వేసి, దాని మీద ఎస్ఎంపీఎస్ మోడల్ పేరు మార్కర్‌తో రాసి దాచండి. ఆ కేబుళ్లకు ఎస్ఎంపీఎస్ వైపు కొసలో ఏ పిన్నులో ఎన్ని వోల్టులుండాలో ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ యూనిట్‌లో చక్కగా దిగుతుంది, 5 వోల్టులు రావలసిన చోట 12 పంపి హార్డ్ డిస్కును కాల్చేస్తుంది. రేపు ఎస్ఎంపీఎస్ మార్చవలసి వస్తే, బిగించి ఉన్న పాత కేబుళ్లు ఎంత బాగున్నా వాటిని కూడా ఊడదీసి, కొత్తదానితో వచ్చినవే వేయించండి. పని తొందరగా ముగించాలని మెకానిక్ "ఇవే ఉంచుదాం సార్" అంటాడు. ఉంచనివ్వకండి.